కూరగాయ చెప్పనిదే బండి కదలదు

మా క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పడినప్పుడు నేను గుర్‌గావ్‌లో, ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతున్నాను. ఆంటీ పోయారని సెక్రటరీ రాశాడు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. ఆ బొమ్మలు ఇంకా పడుతూ ఉండగానే సెక్రటరీ ఇంకో ముక్క రాశాడు. ఈసారి ప్రదర్శనలో తెర వెనక ఎవరు కూర్చుంటారు?

ఆవిడే గనక ఆ రెండు మెసేజీలూ చదివి ఉంటే కళ్ళజోడు సర్దుకుని, "చూశావా, కట్టె కాలకముందే స్టూలు ఎవరిదని అడుగుతున్నాడు" అని ఉండేది. పోయినవాళ్ళ నోట మాటలు పెట్టడం తప్పే కానీ, ఆవిడ విషయంలో పెద్దగా కల్పించనక్కర్లేదు. ఎవరేం చేసినా దాని వెనక ఇంకేదో ఉందన్నది ఆవిడ మొదటి మాట, చివరి మాట కూడా.

మాది బొమ్మ రైళ్ళ క్లబ్బు. బొమ్మ అంటే మావాళ్ళకి ఒళ్ళు మండుతుంది, మోడల్ రైల్వే అనాలి. ఢిల్లీలో ఏటా చలికాలంలో హాబీల ప్రదర్శన ఒకటి జరుగుతుంది. అందులో ఓ మూల పెద్ద జాగా మాది. బల్లలన్నీ బోల్టులతో బిగిస్తే బస్సంత పొడుగుంటుంది మా రైల్వే. ముందువైపు స్టేషను, ప్లాట్‌ఫారం మీద గోరంత మనుషులు, ఒక వంతెన, గేటు దగ్గర ఆగిన లారీలు. ఓ చివర ప్లాస్టరు కొండ, దాని కింద సొరంగం. వెనకంతా నిలువుగా చెక్క తెర, దాని మీద నీలం ఆకాశం. సొరంగంలో దూరిన బండి తెర వెనక్కి పోతుంది. చూసేవాళ్ళు అది ఏ దూరపు ఊరో వెళ్ళిందనుకుంటారు. వెళ్ళేది ఆంటీ దగ్గరికి. అక్కడ వైర్ల మధ్య ప్లాస్టిక్ స్టూలు మీద శాలువా కప్పుకుని ఆవిడ కూర్చునేది. వచ్చిన బండిని పక్క పట్టాల మీద నిలబెట్టి, ఇంకోదాన్ని రెండో చివర నుంచి బయటికి వదిలేది. చప్పట్లన్నీ ముందువైపు వాళ్ళకి, దుమ్మంతా ఆవిడకి. అయినా ఎవరికీ కనపడకుండా అందరినీ అనుమానించడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు.

నేను క్లబ్బులో చేరిన కొత్తలో, వెనకాల తెలుగావిడ ఉన్నారని ఎవరో చెబితే సంబరంగా వెళ్ళి నమస్కారం పెట్టాను.

"ఎందుకూ?" అంది.

"ఊరికే ఆంటీ. మీరు తెలుగువారని తెలిసి..."

"ఎవరు చెప్పారు?"

చెప్పాను. ఆ మనిషి చెప్పేవన్నీ నమ్మొద్దంది. తర్వాత నాది ఏ ఊరని అడిగితే తెనాలి అన్నాను.

"ఢిల్లీలో తెనాలి అని చెప్పుకునేవాళ్ళలో సగంమంది తెనాలి బస్టాండు మాత్రమే చూసినవాళ్ళు. నిజం చెప్పు అబ్బాయ్."

మా ఊరు తెనాలికి ఆటో దూరం. అది ఒప్పుకున్నాక గాని నాకు కూర్చోడానికి చోటు చూపించలేదు.

ఇద్దరం ఉండేది జనక్‌పురిలోనే. నేను అద్దింట్లో, ఆవిడ కూతురి దగ్గర. ప్రదర్శన రోజుల్లో కలిసి మెట్రోలో వెళ్ళేవాళ్ళం. తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయని స్పీకర్లో చెబితే "చూద్దాం" అనేది. తెరుచుకున్నాక "ఈసారికి నిజమే చెప్పింది" అనేది. పాల ప్యాకెట్‌ని అరచేతిలో పెట్టుకుని తూచేది. ఎవరైనా స్వీటు పెడితే, పెట్టినవాళ్ళు ఓ ముక్క నోట్లో వేసుకుని మింగేదాకా వాళ్ళ గొంతు వంకే చూసేది. వాన పడుతుందని ఫోన్లో చూపిస్తే గొడుగు ఇంట్లో పెట్టి వచ్చేది, పడదంటే తెచ్చుకునేది. కూతురు బ్యాంకులో పనిచేస్తుంది. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలోనే. "మమ్మీ తో అప్నే పే భీ షక్ కర్తీ హై, అంకుల్" అని నవ్వేది. తన మీద తనకే అనుమానమట. అందులో అతిశయోక్తి లేదు. ఆవిడ తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, "ఇందాక లాగింది ఈ తాళమేనా?" అనడం నేను చెవులారా విన్నాను.

ఇక కూరగాయల సంగతి. ఆవిడ నాన్నగారు కోస్తా లైన్లో ఓ చిన్న స్టేషన్‌కి మాస్టరు. ఒక స్టేషన్ నుంచి బండి కదలాలంటే అవతలి స్టేషన్ మాస్టరు దారి ఖాళీగా ఉందని ఫోన్లో లైన్ క్లియర్ ఇవ్వాలి. మాటగా ఇస్తే చాలదు, గుర్తుగా ఒక రహస్యపు అంకె కూడా చెప్పాలి. అంకె లేనిదే బండి లేదు. ఆయన ఇంట్లో అన్నానికి పిలిచినా "నంబరు చెప్పు" అనేవారట. ఆవిడ ఈ పద్ధతిని మా బల్లల మీదికి తెచ్చింది. అంకె అయితే ఎవడైనా నోటికొచ్చింది వాగుతాడని, దాని బదులు కూరగాయ పెట్టింది. ముందువైపు నుంచి బండి పంపేవాడు పాత ఇంటర్‌కామ్ ఫోను ఎత్తి ఓ కూరగాయ పేరు చెప్పాలి. ఆ పూట ఒకసారి వచ్చినది మళ్ళీ రాకూడదు. హిందీలో చెబితే ఆవిడ దాన్ని తెలుగులోకి మార్చి అప్పజెప్పేది. "తోరీ. అంటే బీరకాయ. ఠీక్ హై." ఆ ఠీక్ హై వినపడితే లైన్ క్లియర్ వచ్చినట్టు.

ఆలూ మాత్రం చెల్లదు. బుర్ర పెట్టనివాడి నోటికి ముందు వచ్చేది ఆలూయేనని, అలాంటివాడి చేతిలో బండి పెట్టకూడదని ఆవిడ సిద్ధాంతం.

జనం గుమిగూడి చూస్తుంటే మేం ఫోన్లో "పొట్లకాయ!" "టిండా!" అని అరుస్తుండేవాళ్ళం. ఇది రైల్వేనా సబ్జీ మండీనా అని ఒకాయన అడిగాడు కూడా. సెక్రటరీకి ఇదంతా తలవంపులుగా ఉండేది. ఆయన ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం నడుపుతాడు, ఎప్పుడూ నవ్వు మొహం. ఆ నవ్వే ఆంటీకి గిట్టేది కాదు. "పళ్ళన్నీ చూపించేవాడు చేతులు చూపించడు" అనేది.

ఇంతకీ ఆవిడ క్లబ్బులోకి వచ్చింది అంకుల్, అంటే వాళ్ళాయన, వల్ల. ఆయన ప్రభుత్వోద్యోగి, అప్పట్లో ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవారు. పెళ్ళయిన కొత్తలో ఆఫీసు నుంచి రోజూ ఆలస్యంగా వస్తున్నారని ఆవిడకి అనుమానం పుట్టింది. ఓ సాయంత్రం ముఖం మీదికి కొంగు లాక్కుని ఆయన ఎక్కిన బస్సే వెనక తలుపులోంచి ఎక్కింది. ఆయన చావ్‌డీ బజార్ దగ్గర దిగి, ఓ సందులోకి తిరిగి, ఒక కొట్లో దూరారు. ఈవిడ గుమ్మంలో నిలబడి చూస్తే, ఆయన ఇత్తడి రేకు ముక్కని బల్బు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి మురిసిపోతున్నారట.

"సవతి ఉందనుకున్నాను, ఉంది. కాకపోతే ఇత్తడిది," అని ఈ కథ ముగించేది.

ఆ రేకులతో ఆయన వంటింటి బాల్కనీలో ఏళ్ళ తరబడి కూర్చుని జానెడు పొగ ఇంజను చేశారు. చక్రాల కడ్డీలు అసలు ఇంజనుకి లాగే కదిలేవి. నేను చూసిన ఇంజన్లలో అంత అందమైనది లేదు. ఆవిడ దాన్ని తిట్టని రోజు లేదని అంకులే చెప్పేవారు. పోయేముందు ఆయన దాన్ని అందరి ఎదుటా క్లబ్బుకి ఇచ్చేశారు. ఆవిడ కాదనలేదు. దినాలయ్యాక ప్రదర్శనకి వచ్చి, "ఇంజను మీదే. అది ఎక్కడికెళ్ళి ఆగుతుందో అక్కడ నేను కూర్చుంటా," అని ఆ స్టూలు లాక్కుంది.

కొన్నేళ్ళు బాగానే నడిచింది. తర్వాత సెక్రటరీకి కంప్యూటర్‌తో బండ్లు నడపాలని బుద్ధి పుట్టింది. పాత వైర్లన్నీ పీకేయాలి, కొత్త సామాను కొనాలి. దానికి ఇత్తడి ఇంజనుని అమ్మితే సరి అని టీ తాగేటప్పుడల్లా ఒక మాట వేసేవాడు. క్లబ్బు సొమ్ము, క్లబ్బు ఇష్టం అనేవాడు. అందులో చట్టప్రకారం తప్పేమీ లేదు. మేమెవరమూ అవుననలేదు, కాదనలేదు. తెరకి ఇటువైపు మాట్లాడుకుంటే అటువైపు వినపడదని ఆయన ధీమా.

ఆ ఏడు ప్రదర్శనలో లెదర్ జాకెట్ వేసుకున్న మనిషి ఒకడు వచ్చి మా బల్లల ముందు నిలబడ్డాడు. బండ్లన్నీ వదిలేసి ఇత్తడి ఇంజను ఒక్కదాన్నే ఫోన్లో వీడియో తీసుకుంటున్నాడు. సెక్రటరీ వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. నేను పక్కనే, బల్ల మీది రైల్వే గేటు దగ్గర నిలబడి ఉన్నాను. "ఏక్ రౌండ్ ఔర్ దిఖాతా హూఁ," అన్నాడు సెక్రటరీ వాడితో. ఇంకోసారి తిప్పి చూపిస్తానని. ఆ హుషారులో ఫోను ఎత్తలేదు, కూరగాయ చెప్పలేదు, నాబ్ తిప్పేశాడు. ఇంజను కూత పెట్టుకుంటూ సొరంగంలోకి వెళ్ళింది.

బయటికి రాలేదు.

జనం కాసేపు చూసి పక్క స్టాలుకి వెళ్ళిపోయారు. సెక్రటరీ ఫోను ఎత్తాడు. "ఆంటీజీ, వో బ్రాస్ వాలా ఇంజన్ భేజియే." ఆ ఇత్తడి ఇంజను పంపమని.

ఆవిడ గొంతు ఫోన్లోంచీ, తెర వెనక నుంచీ ఒకేసారి వినపడింది. "కౌన్ సా ఇంజన్? తుమ్ సబ్జీ నహీ బోలా. హమ్ లైన్ క్లియర్ నహీ దియా. మేరే పాస్ కోయీ గాడీ నహీ ఆయా." కూరగాయ చెప్పలేదు, లైన్ క్లియర్ ఇవ్వలేదు, తన దగ్గరికి ఏ బండీ రాలేదు. అంతే.

మేమంతా వెనక్కి పరిగెత్తాం. పక్క పట్టాల మీద బండ్లన్నీ ఉన్నాయి, ఇంజను లేదు. సొరంగంలో టార్చి వేసి చూశాం. బల్లల కింద పాకాం. సెక్రటరీ మొహంలో నవ్వు పోవడం నేను అప్పుడే చూశాను. ఆంటీ సంచీ చూడాలన్నాడు. ఆవిడ సంచీని బల్ల మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, తలనొప్పి మాత్రలు, మఫ్లరు, మెట్రో కార్డు. శాలువా కూడా తీసి దులిపి చూపించింది.

"అచ్ఛా. అబ్ సబ్‌కా," అంది. ఇప్పుడు అందరివీ.

అందరం సంచులు బోర్లించాం. సెక్రటరీ తన బ్యాగు బోర్లిస్తుంటే ఆవిడ దగ్గరికి వెళ్ళి లోపలి జేబు కూడా లాగి చూసింది. లెదర్ జాకెట్ మనిషి ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు. వాడే కొట్టేశాడని కొందరు, సెక్రటరీయే వాడికి దాటించి నాటకమాడుతున్నాడని కొందరు, ఆంటీయేనని మిగతావాళ్ళు. నాకు మాత్రం పూటకొకరి మీద అనుమానం. ఫిర్యాదు చేద్దామంటే, సొరంగంలోకి వెళ్ళిన రైలు బయటికి రాలేదని పోలీసులకి చెప్పే మొహం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు ఆవిడ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొట్లం పట్టుకొచ్చింది. కొండకి వెనకవైపు ఎలుకలు కన్నం చేశాయని, బోలు లోపల గూడు పెడతాయని, తనే కలిపి పూసింది. మోచేతుల దాకా తెల్లగా అయిపోయింది. అంత గొడవ తర్వాత కూడా పని చేస్తోందని సెక్రటరీ కూడా "ఆంటీజీ గ్రేట్ హై" అన్నాడు. నాకెందుకో ఆ మాట విన్నాక ఆవిడ మొహం మీద కనపడిన తృప్తి నచ్చలేదు.

మరుసటి ఏడు అంకుల్ వాడిన చేతి డ్రిల్లుతో వచ్చి, కొండ వెనక చెక్క తెరలోంచి కొండ లోపలిదాకా ఓ కన్నం పెట్టింది. ఎందుకంటే దాచకుండానే చెప్పింది. "ఒకసారి పోయింది. ఇంకోసారి ఏదీ పోకూడదు. ఇందులోంచి మీ అందర్నీ చూస్తూ ఉంటా." కొండ మీద మావాళ్ళు పెట్టిన గ్యాంగుమేన్ గుడిసె ఒకటుంది. వెనకాల ఆవిడ బల్బు వెలుతురు కన్నంలోంచి వచ్చి ఆ గుడిసె కిటికీలో మినుక్కుమనేది. ఆవిడ కన్ను ఆనించగానే కిటికీ నల్లబడేది. ఇక చూడండి మా అవస్థ. కిటికీ నల్లబడితే చాలు, సెక్రటరీ చొక్కా సర్దుకునేవాడు. నేను చేతిలో ఉన్న సమోసా దించేవాణ్ణి. కబుర్లు ఆగిపోయేవి, కూరగాయల పేర్లు చకచకా వచ్చేవి. మా బండ్లు అంత పద్ధతిగా అంతకుముందు నడవలేదు. బల్లలు మోసే కూలీలు మాత్రం ఈ కొండ ముక్క బరువెక్కిందని ఏటా సణిగేవారు. ప్లాస్టరు మరి, అనేది ఆవిడ.

సెక్రటరీకి ఆవిడ మీద అనుమానం తీరలేదు. తెలుగువాడివి, నీతో మాట్లాడుతుంది, ఓ కన్నేసి ఉంచమని నాతో చెప్పాడు. ఓ మధ్యాహ్నం భోజనాల వేళ తెర వెనక ఇంకో స్టూలు వేసుకుని ఆవిడ పక్కన చేరాను.

"నన్ను కనిపెట్టమన్నాడా?" అంది టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

అబద్ధం ఆడి లాభం లేదు. "అవునాంటీ."

"కనిపెట్టు మరి. తిని కనిపెట్టు." పులిహోర మూతలో పెట్టి నా చేతికిచ్చింది.

నేను మూత పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఇంకా తినడం మొదలుపెట్టలేదు. నా చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగింది, కళ్ళు ఆవిడ గొంతు వంక పోయాయి. ఆవిడ అది చూసింది. ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. అన్నేళ్ళలో ఆవిడ అలా నవ్వడం నేను చూడటం అదొక్కసారే.

"అంటుకుంది నీకూ!" అంది. ముందు తనే ఓ ముద్ద తిని చూపించింది.

ఆ చనువుతో, కన్నంలోంచి నన్నొకసారి చూడనివ్వమని అడిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. వీపు తెరకి ఆనించి కన్నానికి అడ్డంగా కూర్చుంది.

"కాపలా ఇద్దరుంటే కాపలా లేనట్టే. ఒకడు రెండోవాడు చూస్తున్నాడులే అనుకుంటాడు."

"ఇంజను మీరు తీశారా ఆంటీ?" అని అడిగేశాను.

"లైన్ క్లియర్ లేకుండా వచ్చిన బండి ఎవరిదీ కాదబ్బాయ్," అంది. తర్వాత పులిహోరలో ఉప్పు తగ్గిందా అని అడిగింది. తీశాననలేదు, తీయలేదనీ అనలేదు. సెక్రటరీతో ఏమీ తేలలేదని చెప్పాను. ఆయన నన్ను కూడా అనుమానంగా చూశాడు.

ఈ చలికాలం ప్రదర్శనకి తెర వెనక నేను కూర్చుంటానని, ఎవరూ బతిమాలకుండానే గ్రూపులో రాశాను. ఎందుకో చెప్పలేదు. అన్నేళ్ళుగా ఆవిడ ఎవర్ని చూసేదో నాకు తెలియాలి. సెక్రటరీనా, నన్నా?

మొదటి రోజు బల్లలు బిగించి, జనం రాకముందే ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఆవిడ శాలువా రాసుకుని రాసుకుని తెర ఆ చోట నున్నబడి ఉంది. వంగి, కన్నానికి కన్ను ఆనించాను.

స్టేషను కనపడలేదు. సెక్రటరీ కనపడలేదు. ముందువైపు మనుషులెవరూ కనపడే వీల్లేదు, ఎందుకంటే ఎదురుగా అడ్డంగా ఒకటి ఉంది. బోలు కొండ లోపల, గుడిసె కిటికీలోంచి పడిన కాస్త వెలుతురులో, పొగగొట్టం, దాని వెనక గుండ్రటి బొడిపె, పక్కన చక్రాల కడ్డీలు. ఇత్తడి మసిబారింది. కింద పాత పట్టుచీర ముక్క మడతపెట్టి పరిచి ఉంది, జరీ అంచు ఇటువైపుకి వచ్చేలా.

ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. కిటికీ నల్లబడినప్పుడల్లా మేం చొక్కాలు సర్దుకుని నిటారుగా నిలబడుతుంటే, ఆవిడ మా వంక ఒక్కసారి కూడా చూడలేదన్నమాట. మొగుడి చేతిపనిని చూసుకుంటూ కూర్చుంది. సవతికి పట్టుచీర కూడా పరిచింది. మేమే దాన్ని ఏటా కూలీల చేత మోయించి, తెచ్చి ఆవిడ ముందు పెట్టాం.

ఎవరికి చెప్పాలి? సెక్రటరీకి చెబితే లెదర్ జాకెట్ నంబరు ఇంకా ఆయన ఫోన్లోనే ఉంటుంది. కూతురికి చెబితే మంచిదే, కానీ ఇంజను క్లబ్బుదని ఆ అమ్మాయే నిజాయితీగా తెచ్చి అప్పగించేస్తుంది. మిగతావాళ్ళు ఆవేళ అవునూ కాదూ అననివాళ్ళు. పోనీ నేను? నా గురించి నేను ఎంతవరకు పూచీ ఇవ్వగలనో ఆలోచిస్తే, నాకే అంత ధైర్యం చాలలేదు.

ఇంటర్‌కామ్ మోగింది.

"వెనక అంతా సరిగ్గా ఉందా?" హిందీలో అడిగాడు సెక్రటరీ, అదే నవ్వు గొంతుతో. "ఆ కన్నంలోంచి ఏం కనపడుతోంది?"

"అంతా కనపడుతోంది," అన్నాను.

"అచ్ఛా అచ్ఛా. మొదటి బండి పంపనా?"

"సబ్జీ బోలియే."

"అరే భాయ్, ఆంటీ పోయింది కదా, ఇంకా సబ్జీ ఏమిటి? సరే, ఆలూ."

ఫోను చెవి దగ్గరే ఉంచి, వంగి, కన్నానికి కన్ను ఆనించాను. అటువైపు గుడిసె కిటికీ నల్లబడి ఉంటుంది. ఫోన్లో చొక్కా సర్దుకున్న చప్పుడు వినపడింది.

"కరేలా," అన్నాడు సెక్రటరీ, గొంతు తగ్గించి.

"కాకరకాయ. ఠీక్ హై," అని బండి తీసుకున్నాను.